మొలిచే చోటు

చనిపోయినవాళ్లు ఇళ్లలో మొక్కల కుండీల్లో పుట్టగొడుగులై మూడేసి రోజులు తిరిగి రావడం మొదలై ఇరవై మూడేళ్లు కావస్తోంది గనక, గోదావరి గట్టునున్న ఆ ఊళ్లో దాని గురించి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. మొదట్లో పేపర్లవాళ్లు వచ్చారు, శాస్త్రవేత్తలు వచ్చారు, స్వాములవార్లు వచ్చారు. తర్వాత మునిసిపాలిటీ వాళ్లు ఒక రిజిస్టరు తెరిచారు. రిజిస్టరు తెరిచాక ఇక అందులో వింత ఏముంటుంది?

పద్ధతి ఇదీ. తొలకరి పడ్డాక ఏదో ఒక పొద్దున, కుండీలో మొక్క మొదట్లో తెల్లటి బొడిపె ఒకటి లేస్తుంది. సాయంత్రానికి మాట వస్తుంది. రెండో రోజు గొడుగు విప్పుకుంటుంది. మూడో రోజు మధ్యాహ్నం దాటేసరికి అంచులు నల్లబడి, మెడ వాల్చి, మట్టిలో కలిసిపోతుంది. మొలిచిన ఇరవై నాలుగు గంటల్లోగా వార్డు ఆఫీసుకి కబురు చెప్పాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి పేరు, తండ్రి పేరు, చివరి చిరునామా, పోయిన తేదీ అడిగి రాసుకుని కుండీకి పసుపురంగు చీటీ కడతారు. ఆ మూడు రోజులూ ఆ పుట్టగొడుగు ఆ ఇంటి తాత్కాలిక నివాసి. దాన్ని పీకకూడదు, వేరే మట్టిలోకి మార్చకూడదు, ఎండలో పెట్టకూడదు. పుట్టగొడుగుల కూర ఆ ఊళ్లో ఎప్పుడో మానేశారు. పెళ్లిళ్లలో వంటవాళ్లు పొరపాటున కూడా ఆ మాట ఎత్తరు.

ఎవరు ఎక్కడ మొలుస్తారన్నదాని మీద కూడా మునిసిపాలిటీ ఒక కరపత్రం వేసింది. బతికుండగా మనిషి మనసు ఎక్కడ కుదుటపడి ఉందో అక్కడే మొలుస్తాడని అందులో మూడో పేరాలో ఉంది. చాలామంది మూడో పేరా దాకా చదవరు.

దమయంతి చదివింది. ఆవిడకి అరవై మూడేళ్లు. భర్త గవర్రాజు ఏటిగట్ల రికార్డుల ఆఫీసులో సూపరింటెండెంటుగా చేస్తూ, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడనగా, ఆఫీసులోనే కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. పిల్లలు లేరు. ఆయన పోయి ఆరేళ్లు. ఆరు వానాకాలాలు వచ్చి వెళ్లాయి. ఆయన మాత్రం రాలేదు.

ఎదురు ఫ్లాటులో వాళ్ల అత్తగారు ఏటా జులై రెండో వారంలో మనీప్లాంట్ కుండీలో ఠంచనుగా మొలిచి, చింతపండు ఎక్కువైందని కోడల్ని సాధించి వెళుతుంది. కింద ఫ్లాటులో బ్యాంకాయన మనవరాళ్లకి ఎక్కాలు చెప్పి పోతాడు. దమయంతి అందరిళ్లకీ వెళుతుంది, పలకరిస్తుంది, వాళ్లు పెట్టిన కాఫీ తాగుతుంది. ఇంటికొచ్చి తన కుండీలు చూసుకుంటుంది. మొదటి ఏడాది రెండు కుండీలు ఉండేవి. ఇప్పుడు పదకొండు. ఆయన కూచునే పడక్కుర్చీ పక్కన ఒకటి, ఆయన బూట్లు విడిచే చోట ఒకటి, మంచం తలవైపు ఒకటి. ఆయన చదివిన పాత పేపర్లు చిన్న చిన్న ముక్కలు చేసి మట్టిలో కలిపింది. ఆయన తాగే టీపొడి తెప్పించి, కాచి, ఆ పిప్పి వేసింది. అవసరానికి మించి నీళ్లు పోసి మూడు గులాబీలు కుళ్లబెట్టుకుంది.

ఆవిడ కోరిక పెద్దదేం కాదు. ఆయన్ని వానాకాలంలో ఇంట్లో ఉండగా చూడాలి, అంతే. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఆయన వరద డ్యూటీలోనే ఉండేవాడు. ఆకాశం నల్లబడితే చాలు, గొడుగు, టార్చిలైటు పట్టుకుని బయల్దేరేవాడు. ఎండాకాలంలో ఇంట్లో ఉన్నా, ఒక చెవి రేడియోలో వాతావరణ వార్తలకే. బయట వాన పడుతుంటే ఇద్దరూ బాల్కనీలో కూచుని రెండు కప్పుల టీ తాగిన రోజు, ఎంత వెతుక్కున్నా, ఒక్కటీ ఆవిడకి గుర్తు రాలేదు. పుట్టగొడుగులు మొలిచేది వానాకాలంలోనే గనక, ఇక ఆయనకి తప్పించుకునే వీలుండదని ఆవిడ అనుకుంది.

ఏడో ఏడు, జులై నెలలో ఒక మంగళవారం పొద్దున, బాల్కనీ మూల గోడవారగా ఆ ఏడే కొత్తగా పెట్టిన క్రోటన్ కుండీలో తెల్లటి బొడిపె లేచింది.

దమయంతి చూసి చాలాసేపు కదల్లేదు. తర్వాత తలస్నానం చేసి ఆకుపచ్చ చీర కట్టుకుంది. పడక్కుర్చీ తెచ్చి కుండీ పక్కన వేసింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం దాకా కబుర్లన్నీ వరసగా సర్దుకుంది: ముందు ఏది చెప్పాలి, ఏది దాచాలి, ఏది అడగాలి. నాలుగున్నరకి సన్నగా జల్లు మొదలైంది. టీ పెట్టి రెండు కప్పుల్లో పోసి తెచ్చింది. కుండీలోంచి, పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు, సన్నటి గొంతు వచ్చింది.

"అమ్మగారూ," అంది.

దమయంతి చేతిలోని కప్పు కింద పెట్టింది. ముప్పై నాలుగేళ్లలో గవర్రాజు ఆవిడని రకరకాలుగా పిలిచాడు గానీ అలా ఎన్నడూ పిలవలేదు.

"ఎవరు నువ్వు?"

"సిలారునండి. దూదేకుల సిలారుని. ఏమనుకోకండి."

ఆవిడ లేచింది. రెండో కప్పు తీసుకెళ్లి సింకులో పారబోసింది.

మర్నాడు పొద్దున వార్డు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు నూకరత్నం స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, చురుకైంది. ఆ వారంలో నూట నలభై మంది మొలిచారని, తిరగలేక చస్తున్నానని చెప్పి, కుండీ ముందు మోకాళ్ల మీద కూచుని ట్యాబులో వివరాలు ఎక్కించుకుంది. సిలారు, తండ్రి పేరు కాశిం, వృత్తి పరుపులకి దూది ఏకడం, పోయి నాలుగేళ్లు, ఇల్లు పాతిక మైళ్ల అవతల. భార్య హుసేన్‌బీ.

"మీకేమవుతారండీ?" అంది నూకరత్నం.

"ఏమీ కాడు. నాకు గుర్తు కూడా లేడు."

"ఫర్వాలేదండి. 'పరాయి' అని ఒక గడి ఉంది, అందులో టిక్కు పెడతాను. పరాయి ఇంట్లో మొలిస్తే వాళ్లవాళ్లకి నోటీసు పంపడం మా డ్యూటీ. ఇవాళే వెళ్లిపోతుంది."

పసుపు చీటీ కడుతున్న ఆ పిల్లని చూస్తూ దమయంతి, ఇన్నేళ్లుగా ఎవర్నీ అడగని మాట అడిగింది.

"అమ్మాయ్, ఆ రిజిస్టర్లో మా ఆయన పేరుందేమో చూస్తావా? అసలు రానివాళ్లు కూడా ఉంటారట కదా. ఇక రారని తెలిస్తే... నేనూ కుండీలు తగ్గించుకుంటాను."

నూకరత్నం పేరు కొట్టి చూసింది. మళ్లీ చూసింది.

"రాకపోవడమేంటండీ? ఆరేళ్లూ వచ్చారు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఇప్పుడూ ఉన్నారు, నిన్ననే మొలిచారు. ఏటిగట్ల రికార్డుల ఆఫీసు, సి సెక్షన్, కిటికీ కింద పామ్ కుండీ."

కింద వీధిలో కూరగాయల బండి మైకు వినిపించింది. బెండకాయలు, దొండకాయలు అంటోంది. దమయంతి అది పూర్తిగా వెళ్లిపోయేదాకా విని, అప్పుడు అడిగింది.

"నాకెవరూ చెప్పలేదే?"

"ఆఫీసులో మొలిస్తే సమాచారం శాఖాధికారికే వెళుతుందండి. ఇంటికి కాపీ ఇవ్వాలని రూల్లో లేదు. చూడాలంటే చూడొచ్చు, మూడు నుంచి అయిదు దాకా సందర్శకుల టైము. ఇవాళ వెళ్లండి. రేపు రెండింటికల్లా అయిపోతారు."

దమయంతి మూడింటికి అయిదు నిమిషాల ముందే ఏటిగట్ల రికార్డుల ఆఫీసు వరండాలో ఉంది. టోకెన్ ఇచ్చారు. 'ఎవరిని కలవాలి' అన్న చోట భర్త పేరు, 'పని' అన్న చోట ఏం రాయాలో తెలియక 'స్వంతం' అని రాసింది. గవర్రాజు తర్వాత సూపరింటెండెంటైన చక్రధర్ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"రండమ్మా. సారు మీటింగులో ఉన్నారు, అయిపోవచ్చింది," అన్నాడు.

మీటింగు కిటికీ కిందే జరుగుతోంది. ఇద్దరు ఇంజనీర్లు బాసింపట్టు వేసుకుని కుండీ ముందు కూచుని నోట్సు రాసుకుంటున్నారు. పామ్ మొదట్లో గవర్రాజు అప్పటికే గొడుగు విప్పుకుని, వెడల్పుగా, ఆరోగ్యంగా ఉన్నాడు. పద్నాలుగో మైలు దగ్గర గట్టు ఎనభై ఆరు వరదల్లో ఎక్కడ కోసుకుపోయిందో, ఆ పటం ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెబుతున్నాడు. కుండీకి మునిసిపాలిటీ పసుపు చీటీతో పాటు ఆఫీసు వాళ్ల ఇనుప బిళ్ల కూడా ఉంది: ఫర్నిచర్, నంబరు నలభై ఒకటి. మొక్కలకి వేరే పద్దు లేనందువల్ల అలా రాశారట. గోడ మీద హాజరు పట్టీలో 'గవర్రాజు, ఋతుకాల సలహాదారు' అన్న పేరుకెదురుగా మూడు రోజులకి మూడు గడులు గీసి, రెండింట్లో టిక్కులు పెట్టారు.

ఇంజనీర్లు లేచి వెళ్లారు. దమయంతి కింద కూచుంది. మోకాళ్లు నొప్పి పెట్టాయి.

"ఏవండీ," అంది.

"ఎవరూ? దమయంతా? ఇంత దూరం ఎందుకొచ్చావు? బయట వాన పడుతోందా?"

"పడుతోంది."

"ఎంత?"

"చిన్నదే."

"చిన్నదీ పెద్దదీ కాదు. గేజీలో ఎంత చూపిస్తోంది అని."

ఆ గొంతు వినాలని ఆరేళ్లు ఎదురుచూసింది. విన్నది. అచ్చం అదే గొంతు, అదే విసుగు. కళ్లనీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి అడ్డు వస్తుంది, ఆయన కనబడడు.

"ఇంటికి రావచ్చు కదండీ," అంది. "పదకొండు కుండీలు పెట్టాను."

"పదకొండెందుకు? రెండు చాలవూ?"

"ఎందులో వస్తారో తెలీక."

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పామ్ ఆకు నీడ ఆయన మీద పడుతూ లేస్తూ ఉంది.

"అది నా చేతుల్లో ఉందా దమయంతీ? కళ్లు తెరిచేసరికి ఇక్కడే ఉంటాను. వీళ్లకి ఏ కాగితం ఎక్కడుందో తెలీదు. నేను లేకపోతే పద్నాలుగో మైలు ఏమవుతుంది చెప్పు?"

"ఇంట్లో నేనున్నాను కదా."

"అదే నేనూ చెబుతున్నాను. ఇంట్లో నువ్వున్నావు. నువ్వెలాగూ ఉంటావు. ఇక్కడే ఎవరూ లేరు."

ఆ మాటలో ఆయనకి ఏ తప్పూ కనబడలేదు. ఆమాటకొస్తే దమయంతికీ ముందు కనబడలేదు, మెచ్చుకున్నాడేమో అనుకుంది. వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుంటుండగా అర్థమైంది.

చక్రధర్ వెనకాలే వచ్చాడు. కుండీని రేపటిదాకా ఇంటికి తీసుకెళ్లొచ్చా అని ఆవిడ అడిగింది. ఆఫీసు వస్తువు గేటు దాటాలంటే పై ఆఫీసు అనుమతి కావాలని, దరఖాస్తు పెడితే పదిహేను పని దినాలు పడుతుందని అతను చెప్పాడు. చెప్పి, ఆవిడ ముఖం చూసి, గొంతు తగ్గించాడు.

"ఒక పని చేద్దామమ్మా. నేను అటు తిరిగి ఫోను మాట్లాడుతుంటాను. మీరు ఆటో తెచ్చుకోండి. రేపు మధ్యాహ్నానికి ఖాళీ కుండీ తెచ్చి పెట్టేయండి. ఎవరికీ తెలీదు."

"చక్రధర్!" అని లోపల్నుంచి వినిపించింది. "నాకు వినపడుతోంది. గేటు పాసు రూలు రాసింది ఎవరు?"

"మీరే సార్."

"మరి?"

చక్రధర్ తల దించుకున్నాడు. రేపు సందర్శకుల టైము కాకపోయినా పొద్దున్నే వచ్చేయండమ్మా, చివరి దాకా కూచుందురుగాని, నేను సర్దుతాను అన్నాడు. అందుకు లోపల్నుంచి అభ్యంతరమేమీ రాలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడబోతోంది. బాల్కనీలో సిలారు గొడుగు విప్పుకుని ఉన్నాడు. చిన్న గొడుగు, ఒక పక్క కాస్త వంకర. దమయంతి పడక్కుర్చీలో కూలబడింది. వద్దనుకున్నా అడిగేసింది.

"ఇన్ని ఊళ్లుండగా, ఇన్ని ఇళ్లుండగా, నా ఇంట్లో ఎందుకు మొలిచావయ్యా?"

"మీకు గుర్తుండదు లెండి. తొమ్మిదేళ్లయింది. ఏప్రిల్ నెలండి. మీ పరుపులు రెండు మేడ మీదకి తీసుకెళ్లి ఏకాను. ఒంటిగంటకి మీరు పైకొచ్చి, ఎండ మాడ్చేస్తోంది, దిగి కాసేపు నడుం వాల్చవయ్యా అన్నారు. ఇదిగో, ఈ గోడవారనే. చాప వేసి, తలగడ కూడా ఇచ్చారు. ఊరంతా తలగడలు కుట్టిన చేతులండి ఇవి. దాని మీద తల పెట్టింది మాత్రం ఆ రోజే. ఇరవై నిమిషాలు పడుకున్నానండి."

"అంతేనా?"

"అంతేనండి. ఆ ఇరవై నిమిషాలూ ఏ ఆలోచనా లేదండి. లేచాక కూడా, ఎక్కడున్నానో తెలిసేసరికి కాస్త టైము పట్టింది. అలాంటి నిద్ర మళ్లీ పట్టలేదు."

దమయంతి గోడవైపు చూసింది. ఎంత తవ్వుకున్నా ఆ ఏప్రిల్ నెల ఆవిడకి గుర్తు రాలేదు. అతనికి చోటిచ్చినట్టు తనకే తెలియదు. తెలిసి తెలిసి ముప్పై నాలుగేళ్లు వండిపెట్టిన చోట ఏమీ మొలవలేదు.

గురువారం పొద్దున ఆవిడ మళ్లీ ఆకుపచ్చ చీరే కట్టుకుంది. ఎనిమిదిన్నరకి తాళం చేతిలో పట్టుకుని తలుపు తీసేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఐదేళ్లుంటాయి. ముసుగు తడిసి తలకి అంటుకుంది. చేతిలో మునిసిపాలిటీ నోటీసు నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఎక్కడున్నాడండి మా ఆయన?" అంది. హుసేన్‌బీ.

దమయంతి పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆవిడ బాల్కనీలోకి వెళ్లి క్రోటన్ కుండీ ముందు నిలబడింది. కూచోలేదు.

"నాలుగేళ్లుగా డబ్బాలో కొత్తిమీర వేస్తన్నాను నువ్వొస్తావని," అంది. "కొయ్యను కూడా కొయ్యలేదు. ముదిరి పువ్వొచ్చినా పీకలేదు. ఇక్కడికొచ్చావా? ఎవరింటికో?"

"నా ఇష్టం కాదు హుసేనూ."

"ముప్పై ఏళ్లు నా పక్కన పడుకున్నావు గదయ్యా. ఒక్క పూట కూడా మనసు కుదుటపడలేదా నీకు?"

"పైకప్పు కారేది," అన్నాడు సిలారు. "పడుకుంటే పైకప్పే కనపడేది. రేపు ఏ ఊరు వెళ్లాలి, దూదేకే విల్లుకి నరం ఎక్కడ దొరుకుద్ది అనుకుంటా పడుకునేవాణ్ని. కళ్లు మూసుకునేవాణ్ని గాని నిద్ర కాదది. నీ మీద కోపం కాదు."

"నాకు మాత్రం ఉందా అలాంటి నిద్ర?" అంది హుసేన్‌బీ. అప్పుడు కూచుంది.

దమయంతి గడియారం చూసింది. తొమ్మిది. ఆటోలో పావుగంట దూరం. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి, ఉప్మా కలిపి తెచ్చింది. హుసేన్‌బీ తిన్నది, ఆకలి మీద ఉన్నట్టుంది. తెల్లవారుజామున మొదటి బస్సుకి బయల్దేరిందట. నోటీసు అందినప్పటి నుంచీ కన్ను మూయలేదట.

"కుండీ పట్టుకెళ్లమ్మా," అంది దమయంతి. "ఇది నాదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇంట్లోనే ఉంటాడు చివరి దాకా."

హుసేన్‌బీ కుండీ చుట్టూ చేతులు వేసి ఎత్తి చూసింది. పుట్టగొడుగు ఊగింది. మెల్లిగా దింపేసింది.

"ఆ బస్సు కుదుపులకి ఆగడక్కా. ఇక్కడే ఉండనీండి. మీరేదో బయల్దేరినట్టున్నారు. వెళ్లి రండి, నేను చూసుకుంటాను."

"వెళతానులే. నువ్వు కాసేపు నడుం వాల్చు. ఒళ్లు తూలుతోంది," అంటూ దమయంతి చాప వేసి తలగడ ఇచ్చింది. అన్న తర్వాత గానీ తానేం అన్నదో ఆవిడకి తెలియలేదు.

"నిద్రపోనక్కా. ఒకవేళ కన్నంటుకుంటే లేపుతారా? ఆయన వెళ్లేలోగా లేపాలి."

"లేపుతాను."

తలగడ మీద తల పెట్టిన రెండు నిమిషాల్లో హుసేన్‌బీకి నిద్ర పట్టింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, పిడికిలి వదులై నోటీసు జారిపోయింది. వాన గ్రిల్లు మీద టపటపమని పడుతోంది. దమయంతి పడక్కుర్చీలో కూచుంది. పదయింది, పదకొండయింది. పన్నెండింటికి చక్రధర్ ఫోను చేసి, ఇంకా రాలేదేమమ్మా అన్నాడు. వస్తున్నానని చెప్పింది. లేపితే వెళ్లవచ్చు. లేపుతానని మాట కూడా ఇచ్చింది. వంగి భుజం మీద చెయ్యి వేయబోయింది.

"వద్దమ్మా," అన్నాడు సిలారు. అతని అంచులు అప్పటికే నల్లబడుతున్నాయి. "లేపకండి. ఎన్నాళ్లకి పట్టిందో."

"తర్వాత నన్ను తిడుతుందయ్యా."

"తిట్టనీండి. అది నిద్రపోతుంటే నేనెప్పుడూ చూళ్లేదండి. నాకంటే ముందు లేచేది, నా తర్వాత పడుకునేది. చూడనీండి."

అతను చూశాడు. దమయంతి ఇద్దరినీ చూసింది. ఒంటిగంటన్నరకి సిలారు మెడ వాల్చాడు. రెండు కాకుండానే నల్లటి తడి మట్టి మిగిలింది. అదే సమయానికి ఊరి అవతల ఇంకో కుండీలో ఏం జరుగుతోందో ఆవిడకి తెలుసు. గోడ గడియారం వైపు ఒకసారి చూసి, మళ్లీ చూడలేదు.

హుసేన్‌బీ రెండున్నరకి లేచింది. లేచిన వెంటనే ఎక్కడున్నదీ తెలియలేదు, గోడనీ గ్రిల్లునీ మార్చి మార్చి చూసింది. తర్వాత కుండీ చూసింది.

"లేపుతానన్నారు," అంది.

"ఆయనే వద్దన్నాడు."

హుసేన్‌బీ ఏడవలేదు. చాప చుట్టి గోడకి నిలబెట్టి, తలగడ దులిపి ఇచ్చింది. "ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదక్కా," అంది, తప్పు చేసినట్టు. నాలుగింటి బస్సుకి వెళ్లిపోయింది.

సాయంత్రం చక్రధర్ ఫోను చేశాడు. సారు వెళ్లిపోయారమ్మా, చివరి నిమిషం దాకా పటాలు చెప్పారు అన్నాడు. దమయంతి, నా గురించి అడిగారా అంది.

"అడిగారమ్మా. దమయంతి రాలేదా అన్నారు. లేదు సార్ అంటే, వచ్చే ఏడు వస్తుందిలే అన్నారు."

"అలాగా," అంది.

శుక్రవారం పొద్దున నూకరత్నం వచ్చి పసుపు చీటీ విప్పి, సిలారు రికార్డు మూసేసింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. హుసేన్‌బీ నిన్న వెళుతూ వెళుతూ వార్డు ఆఫీసుకి వచ్చిందట. బతికున్నవాళ్లు రేపు తామెక్కడ మొలుస్తారో ముందుగా తెలియజేసే ఫారం ఒకటి ఈ ఏడు కొత్తగా పెట్టారట. అందులో ఆవిడ దమయంతి చిరునామా వేయించి వేలిముద్ర వేసిందట. ఇంటివాళ్లకి అభ్యంతరం లేదని సంతకం కావాలి.

దమయంతి చదవకుండానే సంతకం చేసింది.

"మీ ఫారం కూడా నింపేయండి, పనిలో పని," అంటూ నూకరత్నం ఇంకోటి ఇచ్చింది. "అరవై దాటినవాళ్లకి తప్పనిసరి. మొలిచాక ఎవరెక్కడ అని వెతుక్కోలేక చస్తున్నాం."

పేరు, వయసు, భర్త పేరు రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. 'మనసు కుదుటపడిన చోటు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. దమయంతి వంటింటిని తలుచుకుంది. పుట్టింట్లో ముగ్గురు చెల్లెళ్లతో పంచుకున్న గదిని తలుచుకుంది. పెళ్లికి ముందు ఆర్నెల్లు పనిచేసిన కుట్టుమిషన్ల బడి, ఆస్పత్రి వరండా, గుడిమెట్లు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ప్రతిచోటా ఎవరికోసమో ఎదురుచూస్తూనో, ఎవరికో వేళ మించిపోతోందని కంగారుపడుతూనో ఉంది. నూకరత్నం టైము చూసుకుంది.

"సముద్రం అని రాయొచ్చా?" అంది దమయంతి చివరికి.

"ఏ సముద్రమండీ?"

"ఏదైనా. నేనెప్పుడూ చూడలేదు. అక్కడ బాగుంటుందనిపిస్తుంది."

"చూడని చోట్లు రాయకూడదండి. కనీసం ఒక్కసారైనా ఉండి ఉండాలి. రిజెక్టయిపోతుంది."

దమయంతి ఇంకాసేపు ఆలోచించింది. కాగితం తడి గాలికి మెత్తబడింది.

"ఏమీ తోచడం లేదమ్మాయ్."

"ఖాళీగా వదిలేయండి, ఫర్వాలేదు," అంది నూకరత్నం. "ఆడవాళ్ల ఫారాలు నూటికి ఎనభై ఖాళీగానే వస్తాయి. ఖాళీ ఉంటే 'ఇల్లు' అని మేమే వేసుకుంటాం."

"ఎవరి ఇల్లు?"

"భర్త పేరు రాశారు కదండీ పైన. ఆయన ఎక్కడుంటే అదే. మీకైతే..." అని ట్యాబులో చూసింది. "ఏటిగట్ల ఆఫీసు, సి సెక్షన్ పడుతుంది."

"అక్కడ నాకేం పని?"

"పనేముంటుందండీ. పక్కనుంటారు."

దమయంతి నూకరత్నం ముఖంలోకి చూసింది. ఆ పిల్ల మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగానే ఉంది.

"నువ్వు నింపావా నీది?"

"నాకింకా చాలా టైముందండి," అని నవ్వి, పెన్ను చూపించి అడుగున గీత దగ్గర వేలు పెట్టింది. "సంతకం ఇక్కడ. చదవక్కర్లేదు, అందరిదీ ఒకటే."

దమయంతి ఆ గీత మీద, గీత దాటకుండా, గుండ్రంగా సంతకం చేసింది.